నాలుగు తీగల బేరం

"మా చిరంజీవి ఇంటర్ చదువుతున్నాడు. ఎలక్ట్రిక్ బేస్ గిటారు కొనిపెట్టమని పేచీ. ఆరు తీగల గిటారు చవకలో దొరుకుతుంటే నాలుగు తీగలదానికి ఎక్కువ పొయ్యడమేమిటి? మా తాహతులో మంచిది ఎంచుకోవడం ఎలా?" అని ఒక సోదరి అడిగారు.

తీగలు లెక్కపెట్టి వెల కట్టే పక్షంలో సంతూరు ముందు వీణ చిన్నబోవాలి కదమ్మా! ఈ నాలుగు తీగలూ మామూలు గిటారులోని నాలుగు లావు తీగలకన్న సరిగ్గా ఒక స్థాయి దిగువన పలుకుతాయి. సభలో ఎవరూ బేస్ వాయించేవాడివంక చూడరు. కాని వాడు ఆగితే పాటలో ఏదో వెలితి అని అందరికీ తెలుస్తుంది, ఇంట్లో అమ్మ ఒక పూట లేకపోతే తెలిసినట్టు.

1951లో అమెరికాలో లియో ఫెండర్ కంపెనీ తెచ్చిన ప్రెసిషన్ బేస్ ఈనాటికీ చాలావాటికి ఒరవడి. ఆ కంపెనీయే స్క్వయర్ పేరుతో తక్కువ ఖరీదు రకాలు అమ్ముతోంది. యమహా, ఐబనెజ్ వారివీ ఉన్నాయి. చవకదని చిన్నచూపు వద్దు. 1961లో హాంబర్గులో పాల్ మెకార్ట్‌నీ ఫెండర్ కొనే స్తోమతు లేక, సుమారు 30 పౌన్లకు ఫిడేలు ఆకారపు హాఫ్‌నర్ కొన్నాడు. బీటిల్స్ తొలి రికార్డులలో మోగినది అదే!

అయితే చవకలో మంచీ ఉంది, చెడ్డా ఉంది. మా అన్నయ్య చీటీపాట డబ్బుతో కొడుక్కి నిగనిగలాడే ఎర్ర బేస్ ఒకటి కొన్నాడు. తీగలు మరీ ఎత్తు. నొక్కి నొక్కి పిల్లవాడి వేళ్ళు బొబ్బలెక్కాయి. "నాకు సంగీతం రాదు" అని మూల పడేశాడు. లోపం వాడిలో కాదు, వాయిద్యంలోనే ఉందని తెలిసేసరికి ఏడాది గడిచింది. మళ్ళీ వాడు దాన్ని ముట్టలేదు.

అందుచేత కొట్లో ఈ పరీక్షలు చెయ్యండి. వడ్రంగి బద్దను చూసినట్లు, ఒక కన్ను మూసి, నెక్ పొడుగునా చూడండి. కొద్ది వంపు ఉంటే లోపలి ఇనపకడ్డీ తిప్పి సరిచేస్తారు. మెలి తిరిగి ఉంటే మాత్రం వద్దనండి. ప్రతి తీగనూ ప్రతి మెట్టుమీదా నొక్కి మీటించండి. ఎక్కడా బరబరమనకూడదు. వీణలోలాగే పన్నెండో మెట్టు పై స్థాయి. అక్కడ తీగను ఊరికే తాకి మీటితే వచ్చే నాదమూ, నొక్కి మీటితే వచ్చే నాదమూ ఒకటిగా ఉండాలి. తేడా ఉంటే కొట్టువారిచేతనే సరిచేయించండి. సెకండుహాండుదైనా పరీక్షలు ఇవే.

సాధారణంగా తీగ పలికే నిడివి 34 అంగుళాలు. చిన్న చేతులవారికి 30 అంగుళాలవి సుఖం.

ఉన్న డబ్బంతా గిటారుకే పొయ్యకండి. బేస్‌కు వేరే ఆంప్లిఫయరు కావాలి. చిన్న గిటారు ఆంప్లిఫయరుకు తగిలించి పెద్దగా మోగిస్తే స్పీకరు చెడిపోవచ్చు. హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలున్నది చూడండి. పక్కవాటావారు మిమ్మల్ని దీవిస్తారు.

అబ్బాయిని వెంట తీసుకువెళ్ళండి. రంగు వాడిని ఎంచుకోనివ్వండి. నెక్ మాత్రం మీరు చూడండి.