ఐర్లండ్ అంకెలో ఐర్లండ్ ఎంత?

ఈ ఏడాది అన్నిటికన్నా వేగంగా ఎదిగిన ఐరోపా దేశం ఏదని 2025 జూన్‌లో అడిగితే ఐర్లండ్ అనే జవాబు వచ్చేది. జనవరి–మార్చి త్రైమాసికంలో జీడీపీ అంతకుముందు మూడు నెలలకన్నా 9.7 శాతం పెరిగిందని అక్కడి కేంద్ర గణాంక కార్యాలయం ప్రకటించింది. ఏప్రిల్‌లో చెప్పిన తొలి అంచనా 3.2 శాతమే.

ట్రంప్ సుంకాలు నెత్తిన పడకముందే సరుకు అమెరికా చేరాలని ఐర్లండ్‌లోని మందుల కంపెనీలు పరుగులు పెట్టాయి. తర్వాతి నెలల్లో వెళ్లాల్సిన ఎగుమతులు ఆ త్రైమాసికం లెక్కలోకి వచ్చాయి. అదే కాలంలో ఐరిష్ కుటుంబాల ఖర్చును, ప్రభుత్వ వ్యయాన్ని, దేశంలోపలి పెట్టుబడిని కొలిచే ‘సవరించిన దేశీయ గిరాకీ’ పెరిగింది 0.8 శాతం. ఆర్థిక వ్యవస్థ ఆరోగ్యాన్ని చెప్పేది ఈ రెండో అంకె. పత్రికల మొదటి పేజీకెక్కింది మాత్రం మొదటిది.

ఇది ఒక చిన్న దేశపు సొంత గొడవగా ఆగిపోలేదు. అంతకుముందు 0.3 శాతంగా లెక్కించిన యూరో మండల వృద్ధి 0.6కు ఎగబాకింది. ఆ సవరణలో పెద్ద వాటా ఐర్లండ్‌దే. ఆ దేశ జనాభా సుమారు 54 లక్షలు, అంటే హైదరాబాద్ నగర జనాభాకన్నా తక్కువ. అంత చిన్న దేశంలోని కొన్ని కంపెనీల ఎగుమతి ఆర్డర్లు అప్పటి 20 దేశాల కూటమి ముఖచిత్రాన్నే మార్చేశాయి.

ఈ జబ్బు పాతదే. 2015లో ఐర్లండ్ జీడీపీ 26 శాతం పెరిగిందని మరుసటి ఏడాది జులైలో ప్రకటించినప్పుడు ఆర్థికవేత్త పాల్ క్రుగ్మన్ దానికి ‘లెప్రికాన్ ఎకనమిక్స్’ అని పేరు పెట్టారు. ఐరిష్ జానపద కథల్లో బంగారు బిందెను దాచుకునే మాయల మరుగుజ్జు లెప్రికాన్. నిజానికి ఆ ఏడాది జరిగింది మాయ కాదు, కాగితాల బదిలీ. బహుళజాతి సంస్థలు తమ మేధో హక్కులను ఐర్లండ్ ఖాతాకు మార్చుకున్నాయి. అప్పటి 12.5 శాతం కార్పొరేట్ పన్ను అందుకు ఆకర్షణ. పైగా వేరే దేశంలో కాంట్రాక్టుకు తయారై, ఐర్లండ్ గడ్డను తాకకుండానే అమ్ముడయ్యే వస్తువు కూడా హక్కుదారు ఐరిష్ కంపెనీ అయితే ఐర్లండ్ ఎగుమతే.

అక్కడి గణాంకవేత్తలు ఈ చిక్కును దాచలేదు, వారిని మెచ్చుకోవాలి. అప్పట్లో కేంద్ర బ్యాంకు గవర్నర్‌గా ఉన్న ఫిలిప్ లేన్ నాయకత్వంలోని బృందం సిఫార్సుతో, బహుళజాతి సంస్థల ఈ ప్రభావాన్ని తీసేసి లెక్కించే ‘సవరించిన జాతీయాదాయా’న్ని 2017 నుంచి విడిగా ప్రచురిస్తున్నారు. 2023లో జీడీపీ దాదాపు 51 వేల కోట్ల యూరోలైతే, ఈ కొలత ప్రకారం తేలింది 29 వేల కోట్లే. ప్రభుత్వ అప్పు మొదటి లెక్కలో 43 శాతం, రెండో లెక్కలో 76 శాతం. ఒకే దేశం, ఒకే అప్పు! మొదటి లెక్కను చూసుకుని మురిసిపోయే ఆర్థిక మంత్రి ఎంత ప్రమాదకరమో చెప్పనక్కర్లేదు.

కార్పొరేట్ పన్ను రాబడిలో సగానికి పైగా పది కంపెనీల నుంచే వస్తోంది. నిలకడలేని రాబడిని నమ్ముకోవడం ఆ దేశానికి కొత్త కాదు. స్థిరాస్తి బూమ్ తెచ్చిన పన్నులను శాశ్వతమనుకుని ఖర్చు పెట్టిన ఐర్లండ్ 2010లో 8,500 కోట్ల యూరోల సహాయ ప్యాకేజీ కోసం ఐఎంఎఫ్, ఐరోపా సమాఖ్యల గుమ్మం తొక్కింది. ఆ చేదు ఇంకా ఆ తరం మరిచిపోలేదు.

తలసరి జీడీపీలో ఐరోపా సమాఖ్యలో లక్సెంబర్గ్ తర్వాతి స్థానం ఐర్లండ్‌ది. ఇంటింటి వాస్తవ వినియోగం చూస్తే మాత్రం సమాఖ్య సగటు దగ్గరే. 2025 ఆరంభంలో అత్యవసర వసతి గృహాల్లో తలదాచుకున్నవారు 15 వేలు దాటారు. డబ్లిన్‌లో ఐటీ ఉద్యోగాల్లో ఉన్న తెలుగువారిని, అక్కడ చదువుకుంటున్న మన పిల్లలను అడిగితే అద్దె ఇంటి కోసం పడే పాట్లు ఏకరువు పెడతారు. 9.7 శాతం వారి గది తలుపు తట్టలేదు.

కాబట్టి త్రైమాసిక ప్రకటనలో దేశీయ గిరాకీ పై వరుసలో, జీడీపీ దాని కింద ఉండాలి. అప్పు, లోటు లక్ష్యాలను సవరించిన జాతీయాదాయంతోనే ముడిపెట్టాలి. కంపెనీల నుంచి వచ్చిపడిన అదనపు పన్ను రోజువారీ ఖర్చులకు పోకుండా 2024లో ఏర్పాటైన భవిష్యత్ నిధికి చేరాలి. ఐరోపా సమాఖ్య గణాంక సంస్థ యూరోస్టాట్ కూడా యూరో మండల వృద్ధిని ఐర్లండ్‌తో ఒకసారి, ఐర్లండ్ లేకుండా ఒకసారి అదే రోజు, అదే పుటలో ప్రకటించాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. వచ్చే త్రైమాసికం నుంచే మొదలుపెట్టవచ్చు.