తప్పు మెయిల్ తెరిచిన ఉద్యోగిదేనా?

హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 2022 జనవరిలో ఓ వారాంతాన 12 కోట్ల 48 లక్షల రూపాయలు పోయాయి. తాళం పగలలేదు, కాపలావాడి కంట ఎవరూ పడలేదు. పోలీసుల దర్యాప్తులో తేలిందేమంటే, అంతకు రెండు నెలల ముందే, 2021 నవంబరులో, బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా నకిలీ మెయిళ్లు వచ్చాయి. కొందరు తెరిచారు. దాంతో దూరాన కూర్చుని కంప్యూటర్‌ను నడిపించగల ప్రోగ్రామ్ ఒకటి లోపల తిష్ఠ వేసింది. దొంగలు దాని సాయంతో లోపలి వ్యవహారమంతా గమనించి, ఖాతాల వివరాలుండే సర్వర్ దాకా వెళ్లారు. డబ్బును ముందు కొద్ది ఖాతాల్లోకి, వాటి నుంచి వందల ఖాతాల్లోకి మళ్లించి, దేశవ్యాప్తంగా 900కు పైగా ఏటీఎంల నుంచి తీసేసుకున్నారు. ఇలాంటి వార్త చదవగానే చాలామందికి వచ్చే మొదటి సందేహం ఆ మెయిల్ తెరిచిందెవరని. నిజానికి అడగాల్సింది వేరే ఉంది. ఒక ఉద్యోగి బల్ల మీది కంప్యూటర్ నుంచి బ్యాంకు గుండెకాయలాంటి సర్వర్ దాకా దారి అంత నున్నగా ఎందుకుంది?

దానికి జవాబు కూడా దర్యాప్తులోనే ఉంది. ప్రధాన కార్యాలయం, శాఖలు అన్నీ అడ్డుగోడల్లేని ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. చొరబాటును పసిగట్టి ఆపే ఏర్పాటు లేదు. అన్ని అధికారాలూ ఉండే సూపర్ యూజర్ ఖాతాలు ఒకటీ రెండూ కావు, వాటిలో కొన్నిటికి పాస్‌వర్డ్ కూడా ఒకటే. సైబర్ భద్రతా నిబంధనలు పాటించనందుకు రిజర్వు బ్యాంకు 2023లో ఈ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది. పొలంలో మడికీ మడికీ మధ్య గట్టు ఎందుకు వేస్తారో ప్రతి రైతుకూ తెలుసు. గట్లు లేని పొలంలో ఒక మూల గండి పడితే నీళ్లు ఆ మూలనే ఆగవు. మన కంపెనీలు మాత్రం భద్రత అనగానే బయటి ప్రహరీ గురించే ఆలోచిస్తాయి. ఫైర్‌వాల్ కొన్నాం, యాంటీవైరస్ వేశాం, ఇక నిశ్చింత అనుకుంటాయి. దొంగ ఉద్యోగి పాస్‌వర్డుతోనే లోపలికి వస్తే ఆ ప్రహరీకి అతడు ఇంట్లోవాడిలాగే కనిపిస్తాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. అందుకే కంపెనీ రక్షణ ప్రణాళిక శత్రువు ఏదో ఒకనాడు లోపలికి వస్తాడన్న అంచనాతోనే మొదలు కావాలి. వచ్చినవాడు ఎంత దూరం వెళ్లగలడు, ఎంతసేపటికి పట్టుబడతాడు అన్నదాన్ని బట్టే నష్టం ఉంటుంది.

ఉద్యోగులకు శిక్షణ ఇస్తే సరిపోదా అనేవారున్నారు. శిక్షణ కావాలి, కాదనలేం. కానీ లెక్క చూడండి. 500 మంది పనిచేసే సంస్థలో నూటికి 99 మంది జాగ్రత్తగా ఉన్నా ఐదుగురు మిగులుతారు. దాడికి ఒక్కరు చాలు. పైగా దాడి ప్రతిసారీ మెయిల్‌లోనే రాదు. 2017 జూన్ 27న డెన్మార్క్ నౌకారవాణా దిగ్గజం మేర్స్క్‌ను నాట్‌పెట్యా అనే వైరస్ కుప్పకూల్చింది. అది ఉక్రెయిన్‌లో పన్ను లెక్కలకు వాడే ఎం.ఈ.డాక్ అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దాక్కుని బయల్దేరింది. అప్‌డేట్ వేసుకోవడం భద్రతా పాఠాల్లో మొదటిది, ఉద్యోగి తప్పు ఇసుమంతైనా లేదు. అయినా ఉక్రెయిన్‌లో మొదలైన మంట ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో మేర్స్క్ గ్రూపు నడిపే టెర్మినల్ దాకా పాకింది. సంస్థ పది రోజుల్లో 4 వేల సర్వర్లు, 45 వేల కంప్యూటర్లు తిరిగి సిద్ధం చేసుకోవాల్సి వచ్చింది. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లు. నెట్‌వర్క్‌లో ఎవరికి ఏ అధికారం ఉందో నమోదు చేసి ఉంచే కీలక సర్వర్ల నకళ్లు ప్రపంచమంతటా ఉన్నా, అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటంతో ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి. ఘనాలో ఉన్న ఒక్కటి మాత్రం మిగిలింది, ఆ సమయానికి అక్కడ కరెంటు పోయి అది ఆగిపోయి ఉంది కాబట్టి. అంత పెద్ద సంస్థను కాపాడింది కరెంటు కోత అంటే, నెట్‌వర్క్‌కు తగలకుండా విడిగా ఉంచిన బ్యాకప్ ఎంత విలువైనదో వేరే చెప్పాలా?

ఖర్చు సంగతేమిటన్నది రెండో అభ్యంతరం. విజయవాడలోనో వరంగల్‌లోనో 30 కంప్యూటర్లతో నడిచే సంస్థ మేర్స్క్ కాదు, రాత్రింబవళ్లు కాపలా కాసే నిపుణుల బృందాన్ని పెట్టుకోలేదు. అది న్యాయమైన మాటే. అయితే ఘోరంగా దెబ్బతిన్న చోట్ల చాలావరకు లోపించింది ఖరీదైన యంత్రాలు కావు. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని చుట్టేసి, ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్నిటినీ స్తంభింపజేసింది. దాన్ని అడ్డుకునే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఉచితంగా ఇచ్చింది. 2016 ఫిబ్రవరిలో 8 కోట్ల 10 లక్షల డాలర్లు పోగొట్టుకున్న బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకులో నెట్‌వర్క్‌ను కలిపేందుకు పది డాలర్ల పాత స్విచ్‌లు వాడుతున్నారని అక్కడి దర్యాప్తు అధికారులే చెప్పారు. అకౌంట్స్ విభాగాన్ని మిగతా నెట్‌వర్క్ నుంచి విడదీయడం, అడ్మిన్ అధికారాలు ఇద్దరికి మించి ఇవ్వకపోవడం, మానేసినవారి ఖాతాలను అదే రోజు మూసేయడం చిన్న సంస్థ కూడా చేయగల పనులు. వాటికి డబ్బుకన్నా పట్టుదల ఎక్కువ కావాలి.

ఆ పట్టుదల దగ్గరే చిక్కు వస్తుంది. లోపలి గోడలు పనికి అడ్డమని, ప్రతిసారీ ఓటీపీ కొట్టడం విసుగని మొదట మినహాయింపు అడిగేది చాలాచోట్ల పై అధికారులే. 2021 మేలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ ఇంధన సరఫరా నిలిచిపోవడానికి కారణమైన దొంగలు, వాడుకలో లేని ఒక పాత ఖాతా ద్వారా వచ్చారు. దానికి పాస్‌వర్డ్ తప్ప రెండో తాళం లేదు. సంస్థ వాళ్లకు 44 లక్షల డాలర్లు చెల్లించుకుంది. ఓటీపీకి పట్టే అర నిమిషాన్ని ఆ రోజుల తరబడి స్తంభనతో పోల్చి చూడాలి. అసౌకర్యం నిజమే, నేను దాన్ని తక్కువ చేయను. కానీ ఎవరికి ఎంత అసౌకర్యమో తేల్చాల్సింది ఐటీ విభాగంలోని కుర్రవాడు కాదు. ఎండీ పాస్‌వర్డ్ విషయంలో ఎండీకి కాదనగల ధైర్యం అతడికి ఉండదు.

చట్టం ఇప్పటికే బాధ్యతను పైకి నెడుతోంది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాడి తెలిసిన ఆరు గంటల్లో దానికి సమాచారం ఇవ్వాలి, కంప్యూటర్లలో ఏం జరిగిందో నమోదయ్యే లాగ్‌లను 180 రోజులు దాచాలి. వ్యక్తిగత సమాచారాన్ని తగినంతగా కాపాడని సంస్థకు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. అయితే లాగ్‌లు దాచడం ఒకటి, చూడటం ఇంకొకటి. మహేశ్ బ్యాంకులోనూ, బంగ్లాదేశ్‌లోనూ దొంగలు సెలవు రోజులు చూసే చేయి వేశారు. సోమవారం పొద్దున లాగ్ తెరిస్తే దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే. కాబట్టి సహకార బ్యాంకు వార్షిక సభలో డివిడెండ్ ఎంత అని అడిగే సభ్యులు మరో మూడు ప్రశ్నలూ వేయాలి: సూపర్ యూజర్లు ఎందరు, బ్యాకప్ నుంచి వ్యవస్థను చివరిసారి తిరిగి నిలబెట్టి చూసింది ఎప్పుడు, ఆదివారం రాత్రి అలారం మోగితే ఎవరి ఫోనుకు వెళుతుంది? వీటికి జవాబు చెప్పాల్సింది వేదిక మీద కూర్చున్న చైర్మన్.