మిగిలింది ఒక్క పనే

రాత్రి హాస్టల్‌లో బీజీఎంఐ ఆడేటప్పుడు, దిగగానే చేతికి పి1911 దొరికితే మా గ్యాంగ్‌లో ఎవరికీ ఆనందం ఉండదు. "అబ్బా, పిస్టలేరా" అని విసుక్కుని రైఫిల్ కోసం పరిగెడతాం. ఒకరోజు మాత్రం అసలు ఈ 1911 ఏంటా అని వెతకడం మొదలుపెట్టాను. చూస్తే తెల్లవారుజామున మూడయింది.

అది ఊరికే పెట్టిన నంబర్ కాదు, సంవత్సరం. 1911 మార్చిలో అమెరికా సైన్యం జాన్ మోజెస్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన కోల్ట్ పిస్టల్‌ని ఎంచుకుంది. ఎంచుకునే ముందు దానితో 6,000 తూటాలు పేల్చి చూశారు. ఒక్కసారి కూడా మొరాయించలేదట. పోటీకి వచ్చిన సావేజ్ పిస్టల్ 37 సార్లు మొరాయించింది. 1985లో బెరెట్టా వచ్చేదాకా, అంటే 74 ఏళ్లు, అమెరికా సైన్యానికి అదే ప్రధాన పిస్టల్. మనం రాసిన కోడ్ వచ్చే సెమిస్టర్‌కి మనకే అర్థం కాదు!

నాకు నచ్చింది దాని పవర్ కాదు, ఐడియా. రివాల్వర్‌లో తర్వాతి తూటా వరసలోకి రావాలంటే ఆ గుండ్రటి సిలిండర్ తిరగాలి. తిప్పే బలం మన వేలిదే. ఇంకోపక్క, పేలిన ప్రతిసారీ తుపాకీ వెనక్కి తంతుంది. ఆ తన్నుని చెయ్యి భరించడమే తప్ప దాంతో ఉపయోగం లేదు. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ఆ తన్నునే పనిలో పెట్టింది. ఆ ఊపుకి పైనున్న స్లైడ్ వెనక్కి వెళ్తుంది, ఖాళీ తొడుగు బయటపడుతుంది, స్ప్రింగ్ స్లైడ్‌ని మళ్లీ ముందుకు తోస్తుంటే మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటా లోపలికి ఎక్కుతుంది. జర్మనీ వాళ్ల లూగర్‌లో ఇదే పనిని మోకాలిలా మడుచుకునే కీలు చేస్తుంది. చూడ్డానికి లూగరే అందంగా ఉంటుంది. కానీ నిలబడింది మాత్రం బ్రౌనింగ్ పద్ధతి. ఇవాళ్టి పిస్టళ్లలో చాలావాటిది అదే దారి.

ఇలాంటి మెషీన్ నచ్చిందని చెప్పడానికి నాకు సిగ్గేం లేదు. కథ సగంలో ఆపేస్తేనే తప్పు.

మిగతా సగం ఇది. 1914 జూన్ 28, సరయేవో. గావ్రిలో ప్రిన్సిప్ చేతిలో ఉన్నది బెల్జియంలో తయారైన బ్రౌనింగ్ పిస్టల్. రెండు తూటాలకి ఆస్ట్రియా యువరాజు, ఆయన భార్య చనిపోయారు. సరిగ్గా నెలకి ప్రపంచ యుద్ధం మొదలైంది. అప్పుడు ప్రిన్సిప్ వయసు 19. ఇప్పుడు నా వయసూ అంతే.

1931 ఫిబ్రవరి 27, అలహాబాద్. ఆల్‌ఫ్రెడ్ పార్కులో పోలీసులు చుట్టుముట్టినప్పుడు చంద్రశేఖర్ ఆజాద్ చేతిలో ఉన్న కోల్ట్ కూడా బ్రౌనింగ్ డిజైనే. ఇప్పుడది అలహాబాద్ మ్యూజియంలో ఉంది.

1948 జనవరి 30, ఢిల్లీ, బిర్లా హౌస్. గాడ్సే చేతిలో ఇటలీ బెరెట్టా. పిస్టల్ వేరే కంపెనీది. కానీ అందులో వాడే 9 ఎంఎం షార్ట్ తూటాని రూపొందించింది మళ్లీ బ్రౌనింగే.

"అయితే తుపాకీది ఏం తప్పురా, మనిషిదే కదా?" అన్నాడు మా రూమ్మేట్. నిజమే. ఆజాద్‌కీ గాడ్సేకీ తేడా పిస్టల్‌కి తెలీదు. కానీ వాడి మాటతో నాకు పూర్తిగా సరిపెట్టుకోవాలనిపించలేదు. తిప్పడం, తియ్యడం, ఎక్కించడం అన్నీ మెషీనే చేసేస్తే మనిషికి మిగిలేది ఒక్క పనే: నొక్కాలా, వద్దా. శ్రమ తగ్గిందంటే ఆలోచించుకునే టైమ్ కూడా తగ్గినట్టే. ఆ డిజైన్‌లో నాకు నచ్చిందీ, నన్ను భయపెట్టిందీ ఒకటే.

మనం నేర్చుకుంటున్నదీ ఇలాంటి పనే. అన్నీ వెనకాల మనం చేసిపెట్టి, యూజర్‌కి ఒక్క క్లిక్ మిగల్చడం. ప్రతి ప్రాజెక్ట్ రివ్యూలో "యూజర్‌కి ఎంత ఈజీ?" అని అడుగుతారు. ఆ పక్కనే "ఏ యూజర్‌కి? ఏం చెయ్యడానికి?" అని కూడా అడిగితే బాగుంటుంది. సార్లు అడగకపోతే, కనీసం మనమైనా ఒకరినొకరం అడుగుదాం.