ఇంటికి కూడా యోగ్యతాపత్రం కావాలి

ఫ్రిజ్ కొనేటప్పుడు దానిపై ఎన్ని నక్షత్రాలున్నవో లెక్కిస్తాము. జీవితకాలపు పొదుపంతా వెచ్చించి కట్టుకొనే ఇంటిని గూర్చి మాత్రం అట్టి ప్రశ్న వేయము. ఇది విచిత్రమే గదా!

ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చినది. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం నివాస గృహాల కొరకు 'ఎకో నివాస్ సంహిత'ను వెలువరించినది. మన వంటి ఉష్ణ ప్రాంతాలలో గోడలు, కిటికీల గుండా లోనికి చేరే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లకు మించరాదని అందు నిర్ణయించిరి. 2019లో ఇండ్లకు నక్షత్రాల గుర్తింపు పథకం ప్రకటింపబడినది, అది ఐచ్ఛికం. 2022 నాటి సవరణతో నివాస భవనాలు సైతం చట్టపరిధిలోనికి వచ్చినవి గాని, ఆ భారం ప్రధానంగా పెద్ద భవనాలదే. 2023లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన చల్లని పైకప్పుల విధానమైనా 600 గజాలు, అంతకు మించిన స్థలాలలోని ఇండ్లకే నిర్బంధం.

మా ఆక్షేపణ ఇక్కడనే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో 600 గజాల ఇల్లు ఎందరికున్నది? సామాన్యుడు నూరు, నూటయాభై గజాలలో తల దాచుకొనుచున్నాడు. పగలంతా ఎండను త్రాగిన స్లాబు రాత్రంతా ఆ వేడిని గదిలోనికి విడుచును. ఇల్లు కట్టించువాడు యజమాని. కరెంటు బిల్లు చెల్లించువాడు కిరాయిదారు. కనుక ఖర్చు తగ్గించు కోరిక యజమానికి కలుగదు, అధికారం కిరాయిదారుకు లేదు. యోగ్యతాపత్రం అవసరమైనది ముఖ్యంగా వీనికే.

ఇది కార్యాలయాల చుట్టూ తిరుగుటకు మరియొక కారణమగునని కొందరందురు. ఆ భయం నిరాధారం కాదు. అందుచేత చిన్న ఇండ్లకు రుసుము గాని, ప్రత్యేక దరఖాస్తు గాని ఉండరాదు. ఇంటి ప్లానుకు అనుమతినిచ్చునపుడే పురపాలక సంఘం మూడు విషయాలు పరిశీలించిన చాలును: పైకప్పుకు తెల్లని పూత కలదా? గాలి ఒకవైపు నుండి వచ్చి మరొకవైపునకు పోవునా? పడమటి కిటికీలకు నీడ గలదా? సున్నపు పూత పేదవానికి కూడా మోయరాని భారం కాదు.

మిర్యాలగూడ చెంతనే, దామరచర్ల మండలంలో, 4,000 మెగావాట్ల సామర్థ్యానికి ఉద్దేశించిన యాదాద్రి థర్మల్ కేంద్రం వెలసినది. అక్కడ మండేది బొగ్గు. మన గదిలో తగ్గిన ప్రతి యూనిట్‌తో ఆ బొగ్గులో కొంత మిగులును.

రేపు ఇండ్లు కట్టువారు, కిరాయికి దిగువారు మన విద్యార్థులే. కిరాయి ఎంత అని అడుగుటకు ముందు, ఈ ఇల్లు మే నెలలో ఎట్లుండునని అడుగుట నేర్చుకొందురు గాక! అడుగువారు పెరిగిననాడు యోగ్యతాపత్రం తానై వచ్చును.