చిత్తడి నేలలకు మొక్కల లెక్క చాలదు, నీటి లెక్క కావాలి

చిత్తడి నేలల పునరుద్ధరణ అనగానే మొక్కలు నాటడమే గుర్తుకు వస్తుంది. నివేదికలలోనూ నాటిన మొక్కల సంఖ్యే ప్రధాన ఫలితంగా కనిపిస్తుంది. అయితే చిత్తడి నేలను నిలిపేది నీటి రాకపోకలు; చెట్టు వాటిని అనుసరించి వస్తుంది. ఈ క్రమాన్ని తలకిందులు చేసిన పునరుద్ధరణ నిలవదు.

గోదావరి, కృష్ణా డెల్టాల మడ అడవులు ఇందుకు నిదర్శనం. పూర్వం చెట్లను పూర్తిగా నరికిన చోట్ల నేల కుంగి, పోటు నీరు తిరిగి పోలేక నిలిచి, ఆవిరై, లవణీయత పెరిగింది. ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ కలిసి అక్కడ ముందుగా చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి వాటిని క్రీకులతో కలిపాయి. పోటుపాట్లు తిరిగి సాగి లవణీయత తగ్గిన పిమ్మటనే మడ మొక్కలు నిలదొక్కుకున్నాయి. ఇందులో మరో హెచ్చరిక కూడా ఉంది. సహజంగానే ఉప్పు చిత్తడిగా ఉన్న నేలను చెడిన మడ అడవిగా భావించి మొక్కలతో నింపడం పునరుద్ధరణ కాదు.

అదే నదికి ఎగువన ఉన్న బూర్గంపాడుకు ఈ పాఠం వర్తిస్తుంది. భద్రాచలం వద్ద గోదావరి ఉద్ధృతంగా ఉన్నప్పుడు కిన్నెరసాని నీరు నదిలో కలవలేక ఎగదన్ని పల్లపు భూములలో పరచుకుంటుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటింది. ఏరుమద్ది, నేరేడు, కానుగ, వావిలి వంటివి ఇటువంటి తడిని తట్టుకొని ఒడ్డును కాపాడే జాతులు. వాటి స్థానంలో జామాయిల్ పెరిగినా ఉపగ్రహ చిత్రంలో పచ్చదనం తగ్గినట్లు తోచదు. అందుచేత పచ్చదనం ఒక్కటే కొలమానం కారాదు.

2017 నాటి చిత్తడి నేలల నియమాల నిర్వచనం నుండి నదీ ప్రవాహ మార్గాలు, వరి పొలాలు, తాగునీటికీ సాగునీటికీ నిర్మించిన చెరువులు మినహాయింపు పొందాయి. ఇటువంటి ఒడ్డు భూములు ఎవరి పట్టికలోనూ చేరకుండా మిగిలిపోయే ప్రమాదముంది. పైగా 2014లో మండలంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి; నీరు మాత్రం సరిహద్దును ఎరుగదు. పోలవరం జలాశయాన్ని 150 అడుగుల పూర్తి మట్టానికి నింపితే కిన్నెరసాని, ముర్రేడు వాగుల నీరు వెళ్లే తీరు ఎంతవరకు మారుతుందన్నది రెండు రాష్ట్రాల మధ్య వివాదంగా ఉంది. నేటి స్థితి నమోదు కాకపోతే రేపటి మార్పును ఏ శాస్త్రజ్ఞుడూ నిరూపించలేడు. నష్టపోయిన రైతు చేతిలోనూ ఆధారం ఉండదు.

ఈ నమోదుకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. పల్లపు భూములలో కొలత రాళ్లు పాతి నీటి లోతును, నీరు నిలిచిన రోజులను రాయాలి. వానాకాలానికి ముందూ తరువాతా బావుల నీటిమట్టం, మేట మందం, సహజంగా మొలిచిన మొలకల సంఖ్య చూడాలి. మొక్కలు నాటని ఒక చెక్కను పోలికకు విడిచిపెట్టాలి. నాటిన మొక్కలలో మూడో వానాకాలం తరువాత బతికున్నవాటినే ఫలితంగా లెక్కించాలి. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమానికి వచ్చే విద్యార్థులు ఈ పనికి తగినవారు. ఒక్కొక్క జట్టు ఒక్క కాలమే ఉంటుంది కనుక, పుస్తకం మాత్రం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యతలో ఏటేటా కొనసాగాలి.

పత్తి, మిరప పండే ఒడ్డును అడవికి వదలమంటే రైతు బతుకేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. కొల్లేరులో 2006లో చేపల చెరువులను తొలగించినా అవి కాలక్రమంలో మళ్లీ వెలిశాయి. జీవనోపాధిని లెక్కలోకి తీసుకోని పునరుద్ధరణకు ఆయుష్షు తక్కువ. కాబట్టి పొలం మొత్తాన్ని గాక వాగు అంచునున్న పట్టీని మాత్రమే ఎంచుకోవాలి. దానిపై వచ్చే ఫలసాయం ఆ రైతుకే, అక్కడి కోయ కుటుంబాలకే దక్కాలి. ఏ పల్లంలో నీరు ఎన్నాళ్లు నిలుస్తుందో మొదట తెలిసేది వారికే. కొలత రాయి వద్ద తొలి అంకె వారి చేతనే రాయించడం ఉచితం.