ఇంటిలోని పురుగుమందు, పసిపిల్లలు

జ్వరము వచ్చిన బిడ్డకు త్రాగించునదియు మందే. పత్తిలో కాయ తొలుచు పురుగును చంపుటకు చల్లునదియు మందే. (పెద్దలలో కొందరు సాయంకాలము సేవించునదియు మందే గదా!) ‘మందు త్రాగుము నాయనా, తగ్గిపోవును’ అని తల్లి పలుమారు చెప్పగా విన్న మూడేండ్ల బిడ్డకు, గూటిలోని రెండవ సీసా విషమని యెట్లు తెలియును? ఇంటిలోనైనను దానిని ‘పురుగుల విషము’ అని పిలువవలెనని నా మనవి.

సీసా అటుకమీద నున్నది గావున భయము లేదని రైతు సోదరులు చెప్పుచుందురు. ఆ మాట నేనొప్పను. మిరప టిక్కీలు, పత్తి బోరెములు మెట్లవలె పేర్చియున్న యింట అటుక బిడ్డకెంత యెత్తు? మూత వదులైన సీసా కారి క్రింది బియ్యపు బస్తాపై పడుటయు గలదు.

ఖాళీ డబ్బా అంతకన్న ప్రమాదకరము. గట్టిది, మూత బిగువైనది. నూనెకో, చేనికి మంచినీళ్లకో పనికివచ్చునని కడిగి దాచెదరు. 2013 జూలై 16వ తేదీన బీహారులో సారణ్ జిల్లా గండామన్ గ్రామపు బడిలో మధ్యాహ్న భోజనము చేసిన పిల్లలలో 23 మంది మరణించిరి. వంటనూనెలోను, నూనె యుంచిన డబ్బాలోను మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు రసాయన పరీక్షలో తేలినది. ఎక్కడి బీహారు అనుకొనరాదు. మన పత్తిచేలపై ఏండ్ల తరబడి చల్లిన మందే యది. ఖాళీ డబ్బాలను పగులగొట్టి, నివాసములకు దూరముగా పాతిపెట్టవలెనని 1971 నాటి పురుగుమందుల నియమములలోనే యున్నది. పాతిపెట్టువారిని నేను మిక్కిలి అరుదుగా చూచితిని.

ఇందుకు రైతును మాత్రము నిందింపరాదు. ఒంటిగది యింటి కౌలుదారునకు విషము దాచుటకు వేరు కొట్టెక్కడిది? మందును అప్పుపై నిచ్చు సంఘము, తాళము వేయదగిన చిన్న ఇనుప పెట్టెను గూడ వాయిదాలపై నీయరాదా? పశువుల కొట్టములో గోడకు బిగించుకొనవచ్చును. పాత డబ్బా తెచ్చి యిచ్చినవారికే క్రొత్తది యిచ్చు పద్ధతి పెట్టినచో వంటయింటికి డబ్బాలు చేరవు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ రెండు సంగతులను చర్చకు పెట్టవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచున్నాను.

అంతవరకు ఒక్క సంగతి. బిడ్డ విషము త్రాగెనని అనుమానము కలిగినచో ఉప్పునీరు, పేడనీరు పోసి వాంతి చేయింపరాదు; అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. తడిసిన బట్టలు విప్పి, ఒడలు సబ్బుతో కడిగి, 108కి ఫోను చేయవలెను. డబ్బాను పైకాగితముతో సహా వైద్యునకు చూపవలెను. ఏ విరుగుడు వాడవలెనో ఆయన నిర్ణయించుటకు అదియే ఆధారము.