గృహ విజ్ఞానము: ఇంటి వీడియోలకు తేలికపాటి పనిముట్లు



పెండ్లి, సీమంతము, బారసాల మొదలగు శుభకార్యముల వీడియోలు నేడు ప్రతి కుటుంబమునందును పేరుకొనుచున్నవి. గంటసేపటి వీడియోలో పెద్దలు పాడిన మంగళహారతి మూడు నిమిషములే యుండును. దానిని వేరుచేసి దూరదేశమున నున్న బిడ్డలకు పంపవలెనన్న, పాత కంప్యూటరు చాలదనియు, క్రొత్తది కొనవలెననియు ననేకులు తలంతురు. ఆ వ్యయమునకు పూనుకొనకమునుపు చేయవలసిన పని యెట్టిదో విచారింపుడు.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ ఆధారముగా అనేక ఉచిత వ్యవస్థలు వెలసినవి. అందు లుబుంటు వంటివి పాత యంత్రములపైని గూడ నడచునట్లు తేలికగా కూర్పబడినవి. వీనిలో వీడియో పనికి ఉచితమైన సాఫ్ట్‌వేరు సమృద్ధిగా లభించును.

ఊరగాయను పెద్దజాడీనుండి చిన్నజాడీలోనికి తీయుట యొక పని. మరల కాయ తరిగి, కారము కలిపి ఊరవేయుట వేఱొక పని. వీడియోను కత్తిరించుట మొదటిదానివంటిది. ఎన్‌కోడింగు, అనగా బొమ్మలనన్నిటిని మరల లెక్కగట్టి క్రొత్తగా కూర్చుట, రెండవదానివంటిది. యంత్రమునకు శ్రమయంతయు రెండవదానియందే కలదు.

కత్తిరింపు మాత్రమే కావలసినవారికి అవిడెమక్స్ చాలును. అందు మొదలును తుదియు గుర్తించి, వీడియో, ఆడియో రెండింటికిని ‘కాపీ’ అను పద్ధతి నుంచి భద్రపఱచిన, పని కొలదికాలములోనే ముగియును, నాణ్యతయు తగ్గదు. అయితే ఈ పద్ధతిలో ముక్క ‘కీఫ్రేము’ అను సంపూర్ణచిత్రము వద్దనే మొదలు కావలెను. పైబాణము, క్రిందిబాణము మీటలు నొక్కిన అట్టి చిత్రములు దొరకును. పాటకు కొంచెము ముందున్నదానిని గ్రహింపుడు.

ఫైలు పరిమాణమును తగ్గింపవలెనన్న హ్యాండ్‌బ్రేక్ తగినది. ఇది తప్పక ఎన్‌కోడింగు చేయును గావున పాతయంత్రముపై గంటలు పట్టవచ్చును. ఫోనులన్నిటిలో ఆడవలెనన్న హెచ్.264ను ఎంచుకొనుడు. 2018లో వెలువడిన ఏవీ1 మఱింత చిన్న ఫైలు నిచ్చును గాని, పాతయంత్రమును మిక్కిలి శ్రమపెట్టును. 1080 వరుసల వీడియోకు నాణ్యతాసంఖ్య 20 మొదలు 24 వఱకు ఉంచుట మేలు. సంఖ్య తగ్గినకొలది నాణ్యతయు, పరిమాణమును పెరుగును. మొదట ఒక నిమిషపు ముక్కతో పరీక్షించి చూడుడు.

అనేక ముక్కలను చేర్చి, పేర్లు వ్రాసి, సంగీతము జోడింపదలచినవారు షాట్‌కట్‌ను గాని కేడెన్‌లైవ్‌ను గాని ఆశ్రయింపవలెను. ఇవి కొంత బరువైనవి. వీనియందు ‘ప్రాక్సీ’ యను సౌకర్యము కలదు. దానిచే కూర్పు పని చిన్న నకలుపై జరిగి, తుదిరూపము మాత్రము అసలు వీడియోనుండి తయారగును. ఈ సాఫ్ట్‌వేరును లభించినంతవఱకు మీ వ్యవస్థయొక్క స్వంత సాఫ్ట్‌వేరు భాండారమునుండియే స్థాపించుకొనుడు. అపరిచిత స్థలములనుండి తెచ్చుకొనకుడు.

ఒక్క హెచ్చరిక. ఎన్‌కోడింగు చేసిన ప్రతిసారియు సాధారణముగా కొంత వివరము నశించును. నశించినది మరల రాదు. చిన్న ఫైలు బాగున్నదని అసలును చెరిపివేయుట తగదు. గతించిన పెద్దల కంఠస్వరము ఆ యొక్క ఫైలులోనే మిగిలియుండవచ్చును. కావున అసలును వేర్వేరు డిస్కులపై రెండు ప్రతులుగా దాచి, పిమ్మటనే కత్తెర పట్టుడు.